ప్రార్థనలో బిగించిన నట్టు

మా ఫ్యాక్టరీలో మందులు తయారయ్యే పెద్ద స్టీలు ట్యాంకును కడగాలంటే మనిషి లోపలికి దిగాలి. నిప్పంటుకోకుండా అందులో నైట్రోజన్ నింపుతారు. దానికి రంగు లేదు, వాసన లేదు. దిగినవాడికి అరిచే వ్యవధి కూడా ఇవ్వదు. అందుకని ముందు గాలి పంపి, ఆక్సిజన్ ఎంతుందో ఎనలైజర్ మిషను పెట్టి చూడాలి. అలా చూడటమే నా ఉద్యోగం. శ్రీకాకుళంలో డిప్లొమా చదివి అందుకే చేరాను.

మా షిఫ్ట్ ఇన్‌చార్జి మా చర్చిలో సంఘ పెద్ద. ట్యాంకులోకి ఎవరు దిగినా ముందు అందరినీ నిలబెట్టి ప్రార్థన చేయించేవాడు. హిందువులు కూడా చేతులు కట్టుకుని నిలబడేవారు. దేవుడికి అప్పజెప్పేస్తే తన పూచీ తీరిపోతుందని ఆయన ధీమా. నోట్లో చక్కెర, కడుపులో కత్తెర అంటారే, ఆ రకం.

ఆ రోజు దిగాల్సింది మా వీధి మావ. నరసన్నపేట దగ్గర పొలం పనులు మానేసి కాంట్రాక్టు కూలీగా వచ్చినవాడు. నేను సన్నటి గొట్టాన్ని ట్యాంకులోకి వదిలి, రెండో కొసను మిషనుకు స్పానర్‌తో నట్టు వేసి బిగించాను. గాలి ఎంత లాగుతోందో చూపే గాజు గొట్టంలో చిన్న గోళీ ఉంటుంది. అది గీత దాటి పైకి పోతుంటే నాబ్ తిప్పి గీత మీద నిలబెట్టాను. ఇరవై ఒకటి దగ్గర ఉండాల్సిన ఆక్సిజన్ శాతం పన్నెండుకు పడిపోయింది. నైట్రోజన్ వాల్వు ఎక్కడో లీకవుతోంది.

"సార్, ఫ్యాను పెట్టించాలి. సాయంత్రం దాకా ఎవరూ దిగకూడదు," అన్నాను.

ఆయన నా చేతిలోంచి స్పానర్ తీసుకుని గొట్టం నట్టు కాస్త వదులు చేశాడు. బయటి గాలి పీల్చుకున్న మిషను ఇరవై పాయింట్ తొమ్మిది చూపింది. గోళీ ఎగిరింది. నాబ్ తిప్పి దాన్ని కూడా బుద్ధిగా గీత మీద కూర్చోబెట్టాడు.

"సూడు, బాగానే ఉన్నాది. మద్దేన్నానికి ట్యాంకు కడిగి ఇచ్చీయాల," అంటూ స్పానర్ మిషను మీద పెట్టి, అందరినీ కళ్ళు మూసుకోమన్నాడు.

మావ నడుముకు తాడు కట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఈ బిడ్డను నీ చేతుల్లో పెడుతున్నాం ప్రభువా అంటూ ఆయన గొంతు వణికిస్తుంటే, నేను కళ్ళు తెరిచి నట్టు బిగించాను. గోళీని మళ్ళీ గీత మీదికి తెచ్చాను. ఆమెన్ అనేసరికి అంకె పదకొండు.

"ముందు మీరు దిగండి సార్. ప్రార్థన అయిపోయింది కదా," అన్నాను.

అందరూ మిషను వైపు చూశారు. ఆయన మొహంలో సిగ్గు కోసం వెతికాను. లేదు.

"ప్రార్థనలో కళ్ళు తెరిసేవేటి? దేవుడంటే బయం నేదేటి నీకు?" అన్నాడు.

పక్కవాళ్ళు అవునన్నట్టు తలలూపారు. వాళ్ళ చూపులన్నీ నా మీదే.

ఆ రోజంతా ఫ్యాను తిరిగింది. మర్నాడు ట్యాంకులో గాలి నిజంగానే సరిపోయింది. దిగింది మాత్రం నౌపడ ఉప్పు మడుల నుంచి వచ్చిన కొత్త మనిషి. దిగడానికి భయపడ్డాడని చెప్పి మావను పనిలోంచి తీసేసి గేటు దగ్గరే ఆపేశారు.

సాయంత్రం బయటికొస్తే టీ కొట్టు బల్ల మీద కూర్చుని ఉన్నాడు. పక్కన విప్పని క్యారేజీ. ఒక మంచి మాట అంటాడనే ఆశతోనే దగ్గరికి వెళ్ళాను.

"బతికిపోయావు మావా," అన్నాను.

"బతికి ఏటి సెయ్యమంతావు పాపా? పొద్దున్నుంచి ఇంటికెల్లడానికి మొకం సెల్లక ఈడే కూకున్నాను." క్యారేజీ ఒళ్ళోకి తీసుకున్నాడు. "నిన్న నువ్వు కూడా కళ్ళు మూసుకోవాల్సింది."