పార్కులో బాపుల హాజరు

ఆ రోజుల్లో మా ఊళ్లో ఒకరి పరువు పోవడానికి పత్రికలు అక్కర లేదు. ఒక డప్పు, దాని వెనక గట్టి గొంతు ఉంటే చాలు. తరువాతి కాలంలో నేను దినపత్రికలో చేరి, ఊరూరి మున్సిపాలిటీ సమావేశాలకు వెళ్లి, ‘సభ్యుల వాగ్వాదం’, ‘ఆకతాయిల ఆగడాలు’ అంటూ ఎన్ని శీర్షికలు పెట్టానో నాకే గుర్తు లేదు. వాటిని చదివి ఎవరైనా సిగ్గుపడ్డారన్న దాఖలా మాత్రం కనిపించలేదు. (మరునాటికి ఆ కాగితంలోనే మిర్చి బజ్జీలు కట్టేవారు.) కానీ మా బల్దియా, అంటే మున్సిపాలిటీ, చాటింపు మనిషి బజారు కూడలిలో నిలబడి మా బాపు పేరు, నన్ను కన్న తండ్రి పేరు, గొంతెత్తి పిలిచిన పొద్దు నాకు ఇప్పటికీ మరపు రాదు. అంతటి వార్త నేను జన్మలో రాయలేదు.

మానేరు ఒడ్డున మాది మగ్గాల ఊరు. నిజాం ప్రభుత్వం పోయి, కార్యాలయాల బోర్డుల మీద ఉర్దూ అక్షరాల పైన తెలుగు అక్షరాలు పడి, ఎండ కాసినప్పుడు కిందివి మళ్లీ లీలగా కనిపిస్తున్న కాలం. కొత్తగా వచ్చిన బల్దియా పాలకవర్గం తన గుర్తుగా ఊరికి పిల్లల పార్కు ఒకటి కట్టించింది. పార్కంటే పెద్దగా ఊహించుకోకండి. చుట్టూ నడుమెత్తు గోడ, లోపల ఇసుక, ఒక జారుడు బల్ల, ఇనుప గొలుసుల ఊయలలు రెండు, అటొకరు ఇటొకరు కూర్చుని పైకీ కిందికీ ఊగే దూలం ఒకటి. ఆ దూలాన్ని మేము ఏతం అనేవాళ్లం, బావి మీది ఏతంలాగే ఉంటుందని. అది చిన్నపిల్లల కోసం కట్టినదని ఊరందరికీ తెలుసు. మీసం వస్తుందా రాదా అని అద్దంలో చూసుకునే వయసున్న మా మూకకు మాత్రం తెలియలేదు. ఊయల మీద నిలబడి ఊగేవాళ్లం, గొలుసులను పై కమ్మికి చుట్టేసి చిన్నపిల్లలకు అందకుండా చేసేవాళ్లం, జారుడు బల్ల కొసన కూర్చుని బీడీలు కాల్చేవాళ్లం, దారిన పోయేవాళ్ల మీద ఈలలు వేసేవాళ్లం. మాకు నాయకుడు సైకిళ్లు బాగుచేసే చాచా కొడుకు. నోరు మోగుతూనే ఉంటుంది గనుక వాడు గంటగాడు. పొద్దున్నే బాపు మగ్గానికి నూలు కండెలు చుట్టి బడికి వెళ్లేవాణ్ణి గనుక, పైగా కండె అంత సన్నగా ఉండేవాణ్ణి గనుక, నేను కండెగాణ్ణి.

బల్దియా చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ముందు ఒక బోర్డు పెట్టించింది. దాన్ని మేము క్రికెట్టుకు వికెట్లుగా వాడుకున్నాం. తరువాత కావలికి ఒక ముసలాయనను పెట్టింది. ఆయనకు రోజుకో బీడీ ఇచ్చాం. వారం తిరగకుండా ఆయన మా ఊగుడు చూసి “ఇంకా పైకి పోవాలెరా” అని సలహాలిచ్చే స్థితికి వచ్చాడు. చివరికి ఒక సమావేశం జరిగింది. మా చైర్మనుగారు ఎండకూ వానకూ మబ్బుకూ కూడా గొడుగు వదలని మనిషి. ఆయన సభలో అన్న మాటలు, మా వార్డు మెంబరు కల్లు దుకాణంలో చెప్పగా, ఊరంతటికీ తెలిశాయి. “పోలీసోళ్లకు అప్పజెప్తే పోరగాండ్లు ఖరాబైతరు. పంతుళ్లకు అప్పజెప్తే పంతుళ్లు ఖరాబైతరు. కన్నోళ్లకే అప్పజెప్తె పీడవోతది.”

మరునాడే డప్పు మోగింది. “పెద్దలకు పిన్నలకు ఎరుక జేసేదేమంటే... పిల్లల పార్కుల ఆగం జేసే పోరగాండ్ల బాపులు, ఇయ్యాల్టి సంది పొద్దుమూకె ఏళకు పార్కుల హాజరు గావాలె! దీపాలు ముట్టిచ్చేదాంక కూసుండి, ఎవల పోరన్ని వాల్లు కాసుకోవాలెనహో!” ఆ తరువాత పేర్లు. సైకిల్ చాచా పేరు మొదటిది. మా బాపుది రెండోది. ఎవరితోనూ ఎత్తి ఒక మాట అనని మనిషి పేరు, ఆకు కూరలు అమ్మేవాళ్ల ముందర, డప్పు మీద పడింది.

మా బాపుది గుంట మగ్గం. నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు దించి, గట్టు మీద కూర్చుని, కింద తొక్కుడు కర్రలు తొక్కుతూ పైన నూలు కండె పెట్టిన నాడెను అటూ ఇటూ విసురుతూ నేసే మగ్గం. తెల్లవారకముందు దిగినవాడు రాత్రి బువ్వకు లేచేవాడు. చిన్నతనంలో నేను ఆయన నడుం దాకానే ఉంటాడనుకున్నాను. (ఒకసారి పెళ్లిలో నిలబడగా చూసి, ఎవరో పొడుగాయన మా బాపు అంగీ వేసుకొచ్చాడనుకున్నాను.) పొద్దుగూకేసరికి ఆయన కాళ్లు వాచి బరువెక్కేవి. అవ్వ, అంటే మా అమ్మ, ఉప్పు వేసిన వేడినీళ్లు పోసేది.

చాటింపు విన్న అవ్వ చేతిలోని రాట్నం ఆపి నన్ను కొట్టడానికి చీపురు వెతికింది. “నీ బుద్ధి కాలిపోను! నీ అయ్య పేరు బజార్ల వెట్టినవు గదరా!” అని, దొరికింతవరకు కొట్టి, గుంటలోని బాపు వైపు తిరిగింది. “ఓ... ఇనవడ్డదా? మగ్గం ఇడిసిపెట్టి పార్కుల కూసుంటవా? సేటు బట్ట అడిగితే ఏం జెప్పాలె?”

బాపు నాడె ఆపలేదు. “పిలిసిండ్రు గద, పోవాలె” అన్నాడు. తొక్కుడు కర్ర గట్టిగా తొక్కాడు. నన్ను తిట్టినా బాగుండేది.

మొదటి రోజు పార్కు చావింటి ముంగిలిలా ఉంది. గోడ వెంట బాపులు వరుసగా, చేతులు ఒళ్లో పెట్టుకుని. ఎదురుగా ఇసుకలో మేము, చేతులు ఒళ్లో పెట్టుకుని. కావలి ముసలాయన పేరుపేరునా పిలిచి హాజరు తీసుకున్నాడు. మాకిచ్చిన సలహాలన్నీ మరిచిపోయినట్టు మొహం పెట్టాడు. చిన్నపిల్లలు ఎన్నాళ్లకో ఊయలలెక్కారు. గొలుసులు కిర్రు కిర్రుమంటుంటే ఆ చప్పుడు వింటూ దీపాల వేళ దాకా అందరం కూర్చున్నాం. బల్దియా గెలిచింది. వ్యవహారం అక్కడ ఆగి ఉంటే ఈ జ్ఞాపకం రాయవలసిన పని ఉండేది కాదు.

ఆ కిర్రుమనే చప్పుడును సైకిల్ చాచా భరించలేకపోయాడు. మరునాడు నూనె డబ్బా తెచ్చి, గొలుసుల కొక్కాలకు పోసి, గుడ్డతో తుడిచి, మా బాపును పిలిచాడు. “భాయ్, జర కూసో. బరువు వడితే గద నూనె లోపలికి దిగిందా లేదా తెలిసేది.”

“థూ, నాకెందుకు గా పిల్లల పని. నువ్వే కూసో.”

“నేను కూసుంటె గొలుసు తెగుతది. నువ్వు బక్కోనివి. ఏం ఫికర్ జెయ్యకు, ఇది బల్దియా పనే.”

బల్దియా పని అంటే బాపు కాదనలేడు. అటూ ఇటూ చూసి, పంచె మోకాళ్ల మధ్య నొక్కుకుని, పలక మీద అంచున కూర్చున్నాడు. చాచా వెనక నుంచి తోశాడు. బాపు కాళ్లు నేల విడిచాయి. ముందుకు లేచాయి, వెనక్కి పోయాయి, మళ్లీ లేచాయి. ఏళ్ల తరబడి గుంటలో ఉన్న ఆ తెల్లటి పాదాలు సాయంత్రపు వెలుతురులో గాలిలో తేలుతుంటే నేను ముందుగా గమనించింది ఏమిటో తెలుసా? గంటగాడు నన్ను చూసి నవ్వుతున్నాడని. చాచా అడిగాడు, “ఎట్లున్నది భాయ్?” బాపు కాళ్లు చాచి ఇంకోసారి ఊగాడు. తరువాత, “కాళ్లకు గాలి తాకుతాంది” అన్నాడు.

ఇక ఆగలేదు. నాలుగు రోజుల్లో బాపులందరూ ఊయలలకు వంతులు వేసుకున్నారు. కిరాణా కొట్టు బాపు ఒక్కడే ఏతానికి ఒకవైపు కూర్చుంటే, అటువైపు ఇద్దరు నేత బాపులు కూర్చుని లేపేవారు. హాజరుకు పేరు లేని బాపులు కూడా రావడం మొదలుపెట్టారు. ఒకాయనైతే, “మావోనిది కూడ రాసుకోరాదుండ్రి, వాడు గూడ మస్తు ఆగం జేస్తడు” అని ముసలాయనను బతిమాలాడు. (ఆయన కొడుకు బడిలో మొదటి బెంచీలో కూర్చునే బుద్ధిమంతుడు.) మేము మాత్రం పార్కు మొహం చూడటానికే సిగ్గుపడి ఇళ్లలో పుస్తకాలు తెరిచాం. అల్లరి మానింది బుద్ధి వచ్చి కాదు, చోటు పోయి.

ఇంట్లో బాపు మారిపోయాడు. పొద్దు వాలుతుంటే మగ్గం మీద కునుకు తీసే మనిషి, ఇప్పుడు నాడె వడివడిగా విసిరి, గుంటలోంచి చేతుల ఊతంతో లేచి, మొహం కడుక్కుని, గోడ అద్దంలో చూసుకునేవాడు. రాత్రి అవ్వ వేడినీళ్లు తెస్తే, “ఇయ్యాల అద్దు, కాళ్లు తేలికనే ఉన్నయి” అనేవాడు. ఒక రాత్రి అన్నం తింటూ దేనికో తనలో తను నవ్వుకున్నాడు. బాపు నవ్వితే పై పన్ను ఒకటి వంకరగా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

అయితే అవ్వ బాధ అవ్వది. బట్ట మూర తగ్గుతోంది, నూలిచ్చి నేయించుకునే సేటు గులుగుతున్నాడు. ఒకనాడు వాడకట్టు ఆడవాళ్లతో కలిసి చైర్మను ఇంటికి పోయింది. “సారూ, పోరగాండ్లను సక్క జెయ్యుమంటె మా మొగోళ్లను ఖరాబు జేసిండ్రు!”

“పోరగాండ్లు బాగుపడ్డరు గదమ్మా?”

“పోరగాండ్లు ఇంట్లున్నరు, వాల్ల అయ్యలు ఊయల మీదున్నరు. సంటి పిల్లలు గోడకాడ నిలవడి ఏడుస్తున్నరు. గీ ముచ్చట ఏ బల్దియాకు చెప్పుకోవాలె?”

చైర్మనుగారు తనిఖీకి వచ్చారు. ఆ సమయానికి కిరాణా బాపు ఏతం మీద నేలకు ఆనుకుని ఉన్నాడు, అటువైపు మనుషులు లేరు. “సార్, జర మీరు గా దిక్కు కూసుంటె సమానమైతది” అని ఎవరో వినయంగానే అన్నారు. ఎందుకు కూర్చున్నారో ఆయనకే తెలియాలి. (నా అనుమానం, చాలా కాలంగా ఆయనకూ మనసులో ఉంది.) ఆయన ఎక్కడానికి వీలుగా లేచి దూలం వదిలిన కిరాణా బాపు మళ్లీ కూర్చునేసరికి చైర్మనుగారు అమాంతం పైకి లేచారు, చేతిలో గొడుగు టప్పున విచ్చుకుంది. గోడ అవతల ఊరు సగం ఉంది. చైర్మనుగారు దిగి, గొడుగు ముడిచి వెళ్లిపోయారు. మరునాడు మధ్యాహ్నం సమావేశం పెట్టారు. బాపుల హాజరు రద్దు, ఇక పెద్దలెవరూ ఊయలెక్కరాదు, తెల్లవారి చాటింపు వేయాలి అని తీర్మానమైంది. సాయంత్రానికి ఈ సంగతి తెలియని మనిషి లేడు. బాపుకూ తెలుసు. నాకూ తెలుసు.

ఆ సాయంత్రం బాపు ఎప్పటికన్నా ముందే లేచాడు. అవ్వ ఆయన కోసం పొయ్యి మీద పెట్టిన చాయ్ నా చేతికిచ్చి పార్కుకు పంపింది. (ఫిర్యాదు చేసిందీ తనే, చాయ్ పంపిందీ తనే. అవ్వను అర్థం చేసుకునే వయసు నాకప్పుడు లేదు.) వెళ్లేసరికి బాపు ఊయల మీద ఒక్కడే ఉన్నాడు, కాళ్లు నేలకు ఆన్చి. చాచా ఇంకా రాలేదు. గోడ మీద గంటగాడూ మా మూకా కూర్చుని ఉన్నారు. బాపు చాయ్ తాగి, గ్లాసు నాకిచ్చి, మెల్లగా అన్నాడు. “కండే, జర ఊపు బిడ్డా.”

గోడ మీద నుంచి గంటగాడు ఈల వేశాడు. “ఊపురా కండే! జోల పాట గూడ పాడు!”

నా చెవులు కాలిపోయాయి. “అవ్వ పిలుస్తాంది బాపూ” అన్నాను. గ్లాసు పట్టుకుని వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేశాను. అవ్వ పిలవలేదని బాపుకు తెలుసు. పార్కుకు పంపిందే అవ్వ.

తెల్లవారి డప్పు మోగింది. మేము కొన్నాళ్లు గౌరవంగా దూరంగా ఉండి, మళ్లీ పార్కు చేరి, మళ్లీ గొలుసులు పై కమ్మికి చుట్టాం. బల్దియా మళ్లీ బోర్డు పెట్టింది. బాపు మళ్లీ గుంటలోకి దిగాడు, అవ్వ మళ్లీ వేడినీళ్లు కాచింది. ఆ సాయంత్రం మాట ఆయన ఎన్నడూ ఎత్తలేదు. ఒక్కసారి మాత్రం, నేను కండెలు చుడుతుంటే, నాడె ఆపకుండానే అడిగాడు. “గా ఊయల గొలుసు మల్ల కిర్రుమంటుందా?” నేను “ఏమో బాపూ” అన్నాను. నిజానికి కిర్రుమంటోంది. ఆ తరువాత ఊళ్లోకి సాంచెలు వచ్చాయి. కరెంటు మగ్గాలను మావాళ్లు అలా అంటారు. బాపు గుంట విడిచి సాంచెల దగ్గర నిలబడి పనిచేశాడు. కూర్చున్న కాళ్లు నిలబడ్డాయి, అంతే తేడా. వాపు అదే. నేను పత్రికలో పడి ఊరు విడిచాను. ఊరికి వెళ్లిన ప్రతిసారీ ఆయనను ఒకరోజు ఆ పార్కుకు తీసుకుపోవాలనుకునేవాణ్ణి. ఎప్పుడూ ఏదో ఒక సమావేశం అడ్డం వచ్చేది. ఆఖరుకు నాకు తీరిక దొరికేసరికి బాపు లేడు.

మొన్నామధ్య ఊరు వెళ్లినప్పుడు ఆ పార్కుకు పోయాను. గోడ కొత్తది, ఊయలలు కొత్తవి, బోర్డు కూడా కొత్తదే, మాటలు మాత్రం పాతవి. జారుడు బల్ల కొసన నలుగురు కుర్రాళ్లు కూర్చుని పొగ వదులుతున్నారు. పత్రిక బుద్ధి ఎక్కడికి పోతుంది, ‘ఆకతాయిల ఆగడాలు’ అని మనసులో శీర్షిక పెట్టేశాను. ఎవరూ చూడటం లేదనుకుని ఊయల మీద కూర్చున్నాను. మోకాళ్ల నొప్పులు, నేల మీద నుంచి కాళ్లు లేవవు. అంతలో ఆ నలుగురిలో ఒకడు సిగరెట్టు అవతల పారేసి దిగి వచ్చాడు. మిగతావాళ్లు వెనక నుంచి ఈల వేశారు. వాడు తిరిగి చూడలేదు.

“ఊపాల్నా తాతా?”

తల ఊపాను. వాడు వెనక్కి వెళ్లి గొలుసులు పట్టుకున్నాడు.

“మెల్లగనా, గట్టిగనా?”

బాపుకు ఎలా ఇష్టమో నాకు తెలియదు. తెలుసుకునే ఒక్క సాయంత్రాన్ని నేను చాయ్ గ్లాసుతో ఇంటికి మోసుకెళ్లాను. ఇంత వయసొచ్చి, ఇన్ని ప్రశ్నలు అందరినీ అడిగి బతికి, ఆ చిన్న ప్రశ్న దగ్గర చిక్కుకుని ఊయల మీద కూర్చున్న నన్ను నేనే చూసుకుని నవ్వుకున్నాను.

“నీకెట్ల దోస్తె అట్ల ఊపు బిడ్డా” అన్నాను.

కాళ్లకు గాలి తాకింది.