కొట్టేసిన వాక్యం

ఉదయం ఆరు గంటల ఇరవై నిమిషాలకు మా ఎదురింటి ఆమె బొరుగులను నీళ్లలో వేసింది. నా భార్య రాసిన చివరి వ్యాసంలో మొదటి వాక్యం ఇది. ఆమె వ్యాసాలన్నీ ఇలా గడియారం చూసుకునే మొదలయ్యేవి. ‘ఒక ఉదయం’ అని రాస్తే చూడకపోయినా రాసేయొచ్చు అనేది.

మా ఇల్లు బుక్కరాయసముద్రంలో. ఆమె రాప్తాడులో టీచరుగా పనిచేసి రిటైరైంది. ఆ తర్వాత ఒక పేపరు ఆదివారం సంచికకు నెలకో వ్యాసం రాసేది. అన్నీ మా చుట్టుపక్కల విషయాలే. గొడుగులు బాగుచేసే ముసలాయన గురించి రాసింది. పక్కింటివాళ్లు మేకను అమ్మాలా వద్దా అని వారం రోజులు వాదించుకోవడం గురించి రాసింది. నేను చాలా పుస్తకాలు చదివాను. అలంకారాలు ఎక్కువైన వచనాన్ని నమ్మలేను. ఆమె కాగితాల్లో కొట్టేయడానికి నాకు మాట దొరికేది కాదు. చూసింది చెప్పేది, దానికి అర్థం మాత్రం చెప్పేది కాదు.

ఆమెకొక నియమం ఉండేది. ఎవరి గురించి రాసిందో వాళ్లకు ముందు చదివి వినిపించాలి. వద్దన్న మాట తీసేయాలి. ఆ తర్వాతే పోస్టు. ఒకసారి పామిడి బస్సు డ్రైవరు గురించి రాసి, ఆయన్ను పట్టుకోవడానికి పనిలేకపోయినా రెండుసార్లు పామిడి వెళ్లివచ్చింది. ఆయన విని, “ఆ దినం నాకంత కోపం రాలేదు మేడం” అన్నాడట. కోపం తగ్గించి రాసింది.

చివరి వ్యాసం రాసేనాటికి జబ్బు ముదిరింది. ఇంకొకటి రాయడం ఆమెవల్ల కాదని మా ఇద్దరికీ తెలుసు. నెలరోజులు పట్టింది. ఎదురింటి ఆమె ఇంటి ముందే బొరుగులతో చేసే ఉగ్గాని, బజ్జీలు అమ్ముతుంది. నానిన బొరుగులను ఆమె ఎంతసేపు ఉంచుతుందో, ఎలా పిండుతుందో అన్నీ అందులో ఉన్నాయి. చివరికి వచ్చేసరికి ఒక వాక్యం ఉంది. భర్త చనిపోయిన వారంలో ఆమె చేసిన ఒక పని గురించి. నా భార్య అంతకంటే మంచి వాక్యం రాయలేదు.

పదకొండు గంటలకు అక్కడ గిరాకీ తగ్గుతుంది. నా చెయ్యి పట్టుకుని వీధి దాటి, అరుగు మీద కూర్చుని చదివింది. ఆయాసం వస్తోంటే నేను చదువుతానన్నాను. కాగితాలు ఇవ్వలేదు. ఎదురింటి ఆమె మూకుడు తోముతూ వింది.

“ఏమక్కా, బజ్జీలు బాగుండాయని ఒక్క మాటన్నా రాయలేదే! రాసింటే నాలుగు ప్లేట్లు ఎక్కువ పోయేవి.”

“బాగుండాయంటే ఎవరు నమ్ముతారు? నువ్వు చేసేది రాసినా నేను. నోరు ఊరితే వాళ్లే వస్తారు.”

“నోరు ఊరేది సరే, దుడ్లు తెస్తారా?” అని నవ్వింది.

నా భార్య మళ్లీ చదువుతూ ఆ వాక్యానికి వచ్చింది. మూకుడు తోమడం ఆగిపోయింది. ఎదురింటి ఆమె అంది: “అది నీకు చెప్పినా గానీ పేపర్లో ఎయ్యమని చెప్పలేదక్కా. నా బిడ్డకు కూడా తెలీదు. తీసెయ్.”

“తీసేస్తా.”

ఇంటికొచ్చాక నేను ఊరుకోలేదు. ఆ వాక్యం లేకపోతే వ్యాసంలో మిగిలేది వంటేనన్నాను. పేరు రాయలేదు కదా అన్నాను. ఇదే చివరిదని కూడా అన్నాను.

“ఏమప్పా, నువ్వు చదివి పక్కన పెడతావు. ఆయమ్మ రేపు పొద్దున ఈడనే పొయ్యి ముట్టించల్ల,” అంది. పెన్ను అడిగి ఆ వాక్యం మీద ఒక గీత గీసింది. ఆ చోట మరో వాక్యం పెట్టడానికి ప్రయత్నించలేదు. సంచిక సంపాదకుడు ఫోన్ చేసి, చివర ఏదో తీసినట్టుందే అని అడిగాడు. “ఔ, తీసినా,” అని ఫోన్ పెట్టేసింది.

అచ్చయిన ఆదివారం ఎదురింటి ఆమె కూతురితో చదివించుకుంది. ఆ వాక్యం ఉండాల్సిన చోటు దాటాక, చాల్లే అని పిండి కలపడానికి లేచిందట. మధ్యాహ్నం మాకు బజ్జీలు పంపింది. నా భార్య ఒకటి తినగలిగింది.

ఆమె పోయి పద్నాలుగు నెలలు. వ్యాసాలు పుస్తకంగా వేద్దామని సంపాదకుడు అడుగుతున్నాడు. చేతిరాత ప్రతి నా దగ్గరుంది. ఒక్క గీతే కనుక కింద అక్షరాలు చక్కగా కనబడతాయి. వ్యాసం ఆ వాక్యంతోనే బాగుంటుందని ఇప్పటికీ అనుకుంటున్నాను. పుస్తకంలో దాన్ని వేయడం లేదు. అచ్చయిన ప్రతినే ఇచ్చాను.

ఇది రాశాక నేనూ కాగితాలు పట్టుకుని వీధి దాటాను. ఎదురింటి ఆమె చివరిదాకా వింది.

“ఆ మాట యాడా రాయలేదు గదా అన్నా?”

“లేదమ్మా.”

“అట్లయితే పంపించు. అక్క చదివినట్లు నీకు రాదులే.”

నిజమే, రాదు. నెలకో వ్యాసం రాయడం నావల్ల కాదు. మా వీధి గురించి ఇప్పుడు ఎవరూ రాయడం లేదు.