ఎర్ర జింక కొట్టు

కొరియాలోని మోక్‌పో రేవు దగ్గర ప్యోగారి మూలికల కొట్టుకు యున్‌సల్ కొత్త లోగో గీసింది. బోర్డు మీది లావుపాటి ఎర్ర జింకను తీసేసి, సన్నని బూడిదరంగు గీతలతో ఒక ఆకు వేసింది. తోటి డిజైనర్లంతా మెచ్చుకున్నారు. కొట్టుకొచ్చేవాళ్లను మాత్రం ఆమె ఒక్క మాట అడగలేదు.

మూడు నెలలకు ప్యోగారు ఫోన్ చేశారు. "పాతవాళ్లు రావడం తగ్గిందమ్మా, ఒకసారి వచ్చి చూడు."

ఆమె వెళ్లి కొట్టు ముందు బల్ల మీద కూర్చుంది. మధ్యాహ్నం ఒక ముసలామె కర్ర పొడుచుకుంటూ కొట్టు దాటిపోయి, మళ్లీ వెనక్కి వచ్చి దిక్కులు చూసింది.

"ఏం వెతుకుతున్నావు అవ్వా?"

"ఎర్ర జింక కొట్టు, తల్లీ. నాకు అక్షరాలు రావు, చూపూ ఆనదు. పోయిన నెల మా ఆయన దగ్గుకు మందు కొందామని వచ్చి, మూసేశారేమో అనుకుని ఉత్త చేతులతో పోయాను. పాపం, వారమంతా దగ్గుతూనే ఉన్నాడు."

యున్‌సల్ ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది.

"ఇదేనా? మరి జింకను తరిమేసిన మహానుభావుడెవరు?"

"నేనే అవ్వా."

వారం తిరక్కుండా జింక మళ్లీ బోర్డెక్కింది. అప్పటినుంచి యున్‌సల్ ఎవరికి లోగో గీసినా, ముందు వాళ్ల గుమ్మం దగ్గర ఒక పూట కూర్చుంటుంది. కానీ ఆ మూడు నెలల్లో అలా వెనుదిరిగినవాళ్లు ఇంకా ఎంతమంది ఉన్నారో ప్యోగారు చెప్పలేకపోయారు. వాళ్లను వెతికి పిలుచుకొచ్చే దారి యున్‌సల్‌కూ దొరకలేదు.