మూడువేళ్ల ఇసుక

మా మనవరాలు మొక్కలు పెంచే చేపలతొట్టె కొంది. అడుగున ఏం పొయ్యాలో తేల్చుకోలేక, దుకాణంవాడిచ్చిన రెండు పొట్లాలు తెచ్చి నా ముందు పెట్టింది. ఒకదాంట్లో తెల్ల గులకరాళ్లు, రెండోదాంట్లో నల్లటి మట్టిగుళికలు. "మామ్మ ఉంటే చెప్పేది," అంది. మా ఆవిడ పోయి ఏడు నెలలైంది. ఇలాంటివి ఎవరైనా అడిగితే నేనింకా వంటింటివైపే చూస్తున్నాను.

యానాంలో ఫ్రెంచివాళ్లు ఉన్న చివరి రోజుల్లో నేనక్కడ బడిపంతుల్ని. ఊరు విడిచి వెళ్తున్న ఒక దొర, ఇనపచట్రం బిగించిన గాజుతొట్టెనీ, అందులో మొక్కలు పెంచే పద్ధతి చెప్పే పుస్తకాన్నీ నాకిచ్చి వెళ్లాడు. పుస్తకం ఇంట్లో నేనొక్కణ్ణే చదవగలను కాబట్టి తొట్టె కూడా నాదే అనుకున్నాను. ఆ చలికాలమే మా మొదటి బిడ్డ పురిట్లో పోయాడు. ఆ తర్వాత మా ఆవిడ అవసరానికి మించి ఎవరితోనూ మాట్లాడలేదు. కనకాలపేటలో పుట్టింటికి వెళ్లి వస్తూ, అక్కడి కాలవలో పెరిగే పొడుగాకుల నీటిమొక్కలు నాలుగు తడిగుడ్డలో చుట్టి తెచ్చింది. "ఇవి మన తొట్టెలో బతకాలండి," అంది. మా ఇంట్లో తను నోరు తెరిచి ఒకటి కోరడం అదే మొదలు.

పుస్తకం శుభ్రమైన ఇసుక పొయ్యమంది. సముద్రం పక్కనున్న దరియాలతిప్ప నుంచి తెల్లటి ఇసుక తెప్పించి, ఏడుసార్లు కడిగి పోశాను. చూడ్డానికి పంచదారలా ఉంది. నాలుగు రోజులకి ఆకులు గాజులా అయిపోయి, రెండు మొక్కలు కరిగిపోయాయి. పుస్తకంలో మరో పేజీ తిప్పితే సారం కావాలని ఉంది. ఈసారి పొలంమట్టిలో మాగిన పేడ కలిపి నింపాను. నీళ్లు వరద గోదావరిలా తయారయ్యాయి. వరదనీళ్లయితే మా ఊళ్లో చెయ్యాల్సింది అందరికీ తెలుసు గదా. బిందె లోపల ఇండుపగింజ అరగదీసినట్టే తొట్టెలోనూ అరగదీశాను. తెల్లారేసరికి నీళ్లు అద్దంలా తేరాయి. ఇరుగుపొరుగుని పిలిచి చూపించాను కూడా. మూడోనాటికి అందులో వదిలిన పరిగె చేపపిల్లలు వెల్లకిలా తేలాయి, ఇల్లంతా మురుగువాసన. మా అమ్మ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, "తేరినవన్నీ మంచినీళ్లేట్రా పంతులూ?" అంది. ఇంకొక్కసారి కంపు కొడితే తొట్టె కడిగి కొత్త చింతపండు పోసుకుంటానంది. అప్పటికి ఒక్క మొక్కే మిగిలింది. వేసవి వచ్చి కాలవలకి నీళ్లు కట్టేశారు, మళ్లీ తెద్దామన్నా దొరకదు.

మా ఆవిడ ఆ మొక్కని చెంబులో వేసి, అత్తగారి ముందు నిలబడింది. "అత్తయ్యగారూ, ఈసారి నన్ను చెయ్యనివ్వండి. ఇదీ పోతే తొట్టె నేనే కడిగి మీకిస్తాను," అంది. అమ్మ ఆమె ముఖంలోకి చూసి, సరేనంది. మర్నాడు మా ఆవిడ పుట్టింటికి వెళ్లి వాళ్ల నాన్నని అడిగింది. ఆయన రైతు. వరద తీశాక పొలాల మీద ఇసుక మేట వేయడం ఏటా చూసేవాడు. "రెండు జానలు మేటేత్తే చేనే పోద్దమ్మా. రెండు మూడు వేళ్ల మందమైతే వేరు కిందనున్న ఒండ్రుని అందుకుంటాది," అన్నాడట. నేను మళ్లీ పుస్తకం తెరవబోతే, "మీరు కాసేపు ఊరుకోండి," అంది నాతో.

పేడ తగలని ఒండ్రుమట్టి తెచ్చి, ఎండబెట్టి, జల్లించింది. గోదావరి ఎగువనుంచి ముతక ఇసుక తెప్పించి, నాలిక మీద వేసుకుని ఉప్పు చూసింది. తర్వాత నిమ్మకాయ పిండింది. దరియాలతిప్ప ఇసుక మీద పిండితే గుల్లముక్కల సున్నం ఉండబట్టి బుసబుసా నురుగొచ్చింది, దీనికి రాలేదు. అడుగున రెండువేళ్ల మట్టి, దాని మీద మూడువేళ్ల ఇసుక, ఇసుక మీద తామరాకు పరిచి, మట్టి కదలకుండా చెంబుతో నీళ్లు. ఒక పూటంతా పట్టింది. చివర మొక్క నాటి, చెయ్యి బయటికి తీసి, తుడుచుకోకుండా అలాగే కూర్చుంది.

పదకొండు రోజులు అది చావలేదు, పెరగలేదు. అమ్మ రోజూ పొద్దున్నే వచ్చి వాసన చూసి వెళ్లేది. బడిలో పిల్లలకి లెక్కలు చెబుతూ నేను ఆ మొక్క గురించే ఆలోచించేవాణ్ణి. పన్నెండోనాడు, తల్లిమొక్కకి నాలుగువేళ్ల ఎడంగా, ఇసుకలోంచి పచ్చటి మొన ఒకటి లేచింది. మా ఆవిడ నన్ను పిలవలేదు.

"అత్తయ్యగారూ, పిలక వేసింది."

అమ్మ వంగి చూసింది. కోడలి తల మీద చెయ్యి వేసి, "చింతపండుకి జాడీ కొనమను వాణ్ణి," అంది. అప్పుడు మా ఆవిడ ఏడ్చింది. బిడ్డ పోయాక ఏడవడం అదే మొదటిసారి. అమ్మ కూడా అక్కడే చతికిలబడింది. నేను గుమ్మంలో నిలబడ్డాను.

ఆ తర్వాత యాభై ఏళ్ల పైన కలిసి బతికాం. వాటిలో చాలా ఏళ్లు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, దేన్నీ విడిగా గుర్తుపట్టలేను. ఆ పదకొండు రోజులు మాత్రం ఏ రోజుకారోజు చెప్పగలను.