కాలువ నీళ్ళు పరీక్షించేవాడు

సర్క్యూట్ బోర్డుల ఫ్యాక్టరీలో వాడేసిన నీళ్ళని పరీక్షించడం అతని పని. రోజూ పొద్దున్నే వెనక కాలువ దగ్గర గొంతుక్కూర్చుని సీసా నింపుతాడు. రెండుసార్లు కుదిపి, వెలుతురుకెత్తి, ఒంటికన్ను మూసి చూస్తాడు. నీళ్ళు నీలంగా తేలి, రాగి ఎక్కువుంటే పుస్తకంలో ఎర్రసిరాతో రాస్తాడు. ఆ రాతలు చదివే నాథుడు లేడు. మొన్న తనిఖీ రోజున మేనేజరు అతని భుజం మీద చెయ్యేసి, "ఇవాళ్టికి కుళాయి నీళ్ళు పట్టు బాబూ, రెండొందల మంది పొట్ట కొట్టకు" అన్నాడు. సీసాలో కుళాయి నీళ్ళే పట్టాడు. వచ్చిన అధికారులు భేషని సంతకాలు పెట్టి వెళ్ళారు. ఆ సాయంత్రం, కాలువ దిగువన కాపురముంటున్న చెల్లెలు ఫోన్ చేసింది. "అన్నయ్యా, బోరు నీళ్ళు మళ్ళీ చిలుము రుచి వస్తున్నాయి. పిల్లకి ఒకటే వాంతులు. ఏం చెయ్యమంటావ్?" "కాచి తాగండమ్మా" అన్నాడతను. కాచినంత మాత్రాన రాగి పోదని అతనికి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు.