సారె ముందురోజు మాడ్చిన ఓవెను

గురువారం మధ్యాహ్నం మా కోడలు ఓవెన్ తలుపు తీసేసరికి రెండో పళ్ళెం బిస్కెట్లు కూడా అడుగు నల్లబడి ఉన్నాయి. గరివిడిలో మా చుట్టుపక్కల ఇళ్ళకు బిస్కెట్లు చేసి అమ్ముతుంది ఆమె. ఈసారివి మామూలు సరుకు కాదు. వీధి చివరింటి అమ్మాయికి కొత్తగా పెళ్ళయింది. మర్నాడు పొద్దున్నే కొత్తవలసలోని అత్తవారింటికి సారె వెళ్ళాలి. అరిసెలు, చలిమిడితో పాటు ఒక బుట్ట జీడిపప్పు బిస్కెట్లు మావి. సారె అంటే వాళ్ళింట్లోనే ఉండిపోయేది కాదు, ఊళ్ళో ఇంటింటికీ పంచుతారు. మాడిన ముక్క ఎవరి చేతికి వచ్చినా ఆ మాట ఆ పిల్లను ఏళ్ళ తరబడి పొడుస్తుంది.

“ఏటత్తా ఇది? నూట అరవైలోనే పెట్టినాను. ఆళ్ళకి ఏటి మొకం సూపిస్తాను?” అంది కోడలు.

భోజనం దగ్గర నుంచి మా అబ్బాయి అందుకున్నాడు. “ఆ డబ్బా పనైపోనాది. పాతినుము వోడికి ఇచ్చేయండి. ఎప్పుడో ఇల్లు కాల్సేస్తాది.”

“తినేటప్పుడు డబ్బా అన్లేదురా నువ్వు” అన్నాను.

అన్నాను గానీ నాకూ భయంగానే ఉంది. ప్లగ్గు ముట్టుకుని చూశాను. గ్యాస్ సిలిండరును అబ్బాయి చేత అవతలికి జరిపించాను. మెకానిక్‌కు ఫోన్ చేస్తే, “థర్మోస్టాట్ పోయుంటాది మామ్మగారూ. సామాను విశాఖ నుంచి రావాల. సోమారం సూద్దాం” అన్నాడు. వేడి చాలగానే కరెంటు ఆపేసే భాగం అది. సోమవారం దాకా మాకు వ్యవధి ఎక్కడిది?

కోడలిని పక్కన కూర్చోబెట్టుకుని ఖాళీ ఓవెను వేయించాను. లోపలి చువ్వలకు కరెంటు అందుతున్నంత సేపూ ముందున్న ఎర్రదీపం వెలుగుతుంది. కాసేపటికి అది ఆరింది. థర్మోస్టాట్ పూర్తిగా పోతే ఆరకూడదు కదా! అంటే ఆపడం దానికి తెలుసు, ఆపవలసిన చోటే తప్పుతోంది. రేకు ముక్క మీద చెంచాడు పంచదార పోసి లోపల పెట్టాను. నూట అరవైలో పంచదార కరగకూడదు. మాది పాకమై, ఎర్రబడి, పొగ వచ్చింది. కోడలు స్విచ్చు కట్టేసి కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

నాకు తేదీలు గుర్తుంటాయి. వినాయక చవితికి చేసిన కేకు బాగా వచ్చింది. దసరాకు రెండు రోజుల ముందు చేసిన బిస్కెట్లు కూడా బాగున్నాయి. మాడడమంతా దసరా తరవాతే. ఆ పండగనాడు ఇంట్లో పనిముట్లన్నిటికీ పూజ చేసింది మా అబ్బాయే.

“ఒరే, ఓవెన్లో నీళ్ళు పోసినావేటి?”

“తడిగుడ్డెట్టి తుడిసినానమ్మా. పసుపు రాసి బొట్టెట్టినాను. బొట్టెట్టడం కూడా తప్పేనేటి?”

అప్పుడు చూశాను బొట్టును. వేడి పెంచే మీట అంచున, నూనెతో కలిపిన కుంకుమ గట్టిగా అంటుకుని ఉంది. చుట్టూ పసుపు పూత. మీటను ఎడమకు చివరిదాకా తిప్పాను. బొట్టు సున్నా దగ్గర ఆగలేదు, దాన్ని దాటి ఇంకా వెనక్కి వెళ్ళి ఆగింది. కళ్ళద్దాలు తుడుచుకుని చూస్తే, సరిగ్గా సున్నాకు ఎదురుగా, మీట మీది పసుపు కింద సన్నని తెల్లగీత. అంకెను చూపించేది ఆ గీత. అది కనబడక దసరా నుంచీ మేమంతా బొట్టునే గుర్తుగా పట్టుకుని తిప్పుతున్నాం. బొట్టును నూట అరవై దగ్గర ఉంచి చూస్తే, గీత రెండు వందల ముప్ఫై దగ్గర ఉంది.

“తుడిచెయ్యి” అన్నాను.

కోడలు చెయ్యి వెనక్కి తీసుకుంది. “బొట్టు సెరపమంటావేటత్తా? పొద్దున్న సారె ఎల్లాల.”

బొట్టు చెరపడమంటే ఏమిటో నాకు తెలుసు. బలవంతపెట్టలేదు. బియ్యప్పిండి తడిపి, ఆ గీత మీద తెల్లని చుక్క పెట్టాను.

“రెండు బొట్లా దీనికి!” అని నవ్వాడు అబ్బాయి.

“ఒకటి దానికి, ఒకటి నీ తెలివికి. పోయి పిండి జల్లించు.”

ఓవెను చల్లారాక తెల్లచుక్కను నూట అరవైకి తిప్పి మళ్ళీ పంచదార పెట్టాం. ఎర్రదీపం ఆరి, వెలిగి, మళ్ళీ ఆరింది. తలుపు తీస్తే పలుకులు పలుకులుగానే ఉన్నాయి. అయినా కోడలికి నమ్మకం కుదరలేదు. మొదట నాలుగే బిస్కెట్లు పెట్టి అద్దం ముందు కూర్చుంది. అవి బంగారు రంగుకు వచ్చాకే పళ్ళెం నిండా పెట్టింది. చివరి పళ్ళెం దించేదాకా స్టూలు మీంచి లేవలేదు.

సాయంత్రం పెళ్ళికూతురి తల్లి బుట్ట కోసం వచ్చింది. ఒక బిస్కెట్టు తీసి, తిరగేసి అడుగు చూసింది. మా కోడలు ఆవిడ ముఖమే చూస్తోంది.

“బాగా ఏగినాయే!” అని ఆవిడ దాన్ని నోట్లో వేసుకుంది.

బుట్టలో ఒకటి తగ్గిందని నేను ఇంకొకటి తెచ్చి పెట్టాను.