చక్రాల వంటిల్లు

మడతకుర్చీని కనిపెట్టినవాడు అందులో ఒక్కసారైనా కూర్చొని ఉండడు. మా బావ అలాంటివి మూడు కొన్నాడు. అనంతపురంలో పేరున్న వకీలు గనక, ఆయన వాదన ముందు నడుము నొప్పి కూడా ఓడిపోవాల్సిందే.

ఇది అరవైల నాటి మాట. పాత మిలిటరీ అంబులెన్సు ఒకటి కొని, అందులో మంచాలూ పొయ్యీ బిగించి, "మీ అక్కకు వంటింటి నుంచి వారం సెలవు ఇస్తాండా, నువ్వూ రా" అని నన్ను ఎక్కించుకున్నాడు. పులికాట్ సరస్సు చేరేదాకా అక్క ఆ పొయ్యి ముందు నుంచి లేవలేదు. సెలవైతే ఇచ్చాడు గానీ, వంటింటిని కూడా వెంట తెచ్చాడు.

పక్షులను చూడడానికి సరస్సులో పడవెక్కాం. అక్క చేతికంటిన పిండిని ఆ ఉప్పునీళ్లలోనే కడుక్కుంది. ముక్కు కింద సంచి వేలాడే గూడబాతులను పడవవాడు చూపించాడు.

"మగదీ ఆడదీ వంతులేసుకొని గుడ్లు పొదుగుతాయి సామీ. మా ఇండ్లల్లోనూ అంతే. మా ఆడోళ్లు చేపలమ్మబోతే కూడొండేది నేనే."

మగవాడు ఆ మాటను అంత మామూలుగా చెప్పగా వినడం నాకదే మొదలు. బావ బైనాక్యులర్ దించి నవ్వాడు.

"ఏమప్పా, ఇంత మీసం పెట్టుకొని పొయ్యి ఊదుతావా?"

అక్క ఆయన వైపు చూడలేదు. నాతో అంది:

"రేయ్, గట్టుకు పోయినాక నేను ఆ బండెక్కను. ఈపొద్దు పొయ్యికాడ వంతు మీ బావదని చెప్పు."